డీజిలు ట్యాంకు మీది పేరు

క్విక్‌ఫిక్స్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిన్ననాటి వాసనలంటే అందరికీ మల్లెపూలూ, కొత్త పుస్తకాలూ గుర్తొస్తాయట. నాకు ప్లాస్టిక్ అతికించే ఆ ఘాటు వాసనే గుర్తొస్తుంది. ముందు ముక్కు అదురుతుంది, తర్వాత సంతోషం వేస్తుంది, ఆ వెనకే కోపం వస్తుంది. ఇన్నేళ్లలో ఈ వరస ఒక్కసారి కూడా మారలేదు. మా వారు బకెట్టు పిడి విరిగిందనో, కళ్లజోడు కాడ ఊడిందనో ఆ ట్యూబు కొని తెచ్చిన రోజున మా ఇంట్లో కూర మాడుతుంది. ఎందుకు మాడుతుందో ఆయన ఇంతవరకూ కనిపెట్టలేదు.

అది ఎనభై నాలుగు ఎండాకాలం. మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. నాకు పదమూడో ఏడు. మా నాన్న తవిటయ్య లారీ డ్రైవరు. అంతవరకూ ఒకరి లారీలు తోలినవాడు, ఆ ఏడు మా అమ్మ అన్నగారు అర్జునరావు మావయ్యతో కలిసి సొంత లారీ కొన్నాడు. కొన్నాడంటే పూర్తి లారీ కాదు. అప్పట్లో కంపెనీవాళ్లు ఛాసిస్ ఒక్కటే ఇచ్చేవారు. ఇంజనూ, చక్రాలూ, రెండు పొడుగాటి ఇనప దూలాలూ, అంతే. తలుపుల్లేవు, కప్పు లేదు, కూర్చోడానికి సీటైనా లేదు. నాన్న జంషెడ్‌పూర్ వెళ్లి, దాని మీద చెక్కపెట్టె ఒకటి కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, అంత దూరమూ ఎండలో తోలుకొచ్చాడు. వచ్చేసరికి నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న చోటు తప్ప మొహమంతా మాడిన అట్టులా ఉంది. అమ్మ గుర్తుపట్టింది గానీ వీధిలో కుక్క మాత్రం రానివ్వలేదు.

ఛాసిస్‌ని ఆటోనగర్లో బాడీ కట్టే షెడ్డుకి చేర్చారు. ఇక వడ్రంగులూ, టింకర్లూ, పెయింటరూ కలిసి దానికి ఒళ్లు తొడగాలి.

"స్టీలుప్లాంటు కడతన్నారు బావా. కంకర తోలడానికి లారీలు సాలట్నేదు. ఇంక మన రోజులే," అన్నాడు మావయ్య నాన్న భుజం మీద చెయ్యేసి.

మావయ్యది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. మనిషి కూడా సరుకులాగే తియ్యగా ఉండేవాడు. ఒకసారి అంటుకుంటే కడుక్కున్నా వదిలేవాడు కాదు. లారీలో పెట్టుబడి ఎక్కువ భాగం ఆయనది, పని నాన్నది. ఇద్దరు భాగస్తులని ఊరంతా అనుకుంది. మూడో భాగస్తురాలు ఒకత్తె ఉందన్న సంగతి ఆ మూడోదానికి కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే పక్కింటి జోజి బాబాయి ఒక పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన పోర్టులో లాంచీ మీద పనిచేసేవాడు. ఇనపరాయి ఎత్తుకుపోవడానికి వచ్చే జపాను ఓడల దగ్గరికి రోజూ వెళ్లి వస్తుండేవాడు.

"ఒలే గౌరీ, ఇలగ రా. ఇది నీకు."

"ఏటి బాబాయి ఇది?"

"నాకేటి తెలుస్తది? ఓడ మీద కుర్రోడికి ఒక బుట్టడు మామిడిపళ్లు ఇచ్చినాను. తిన్నాడు, మూతి తుడుసుకున్నాడు, లోపలికెల్లి ఇది తెచ్చి నా సేతిలో ఎట్టీసినాడు."

పెట్టె మీద ముక్కున్న పెద్ద లారీ బొమ్మ ఉంది. ఎర్రటి రంగు, వెండిలా మెరిసే పొగగొట్టాలు. మూత తీస్తే మాత్రం లోపల లారీ లేదు. ప్లాస్టిక్ చట్రాలకి చింతకాయల్లా వేలాడుతున్న ముక్కలున్నాయి. అడుగున చిన్న చిన్న రబ్బరు టైర్లు, నాలుగు మడతలుగా పెట్టిన ఒక కాగితం.

అమ్మ తొంగి చూసింది. అమ్మ పేరు నూకాలు. ఏ వస్తువు చూసినా అది ఇంట్లో ఎక్కడ పడుంటుందా అన్నదే ఆవిడ మొదటి ఆలోచన. "ఆడపిల్లకి లారీ బొమ్మేటి జోజీ? మా జగ్గడికిస్తే ఆడుకుంటాడు," అంది. జగ్గడంటే జగ్గారావు, అర్జునరావు మావయ్య కొడుకు.

"జగ్గడెవుడు?" అన్నాడు జోజి బాబాయి. "మా రేడియో ముల్లు దారం తెగిపోతే కట్టింది జగ్గడా? పాటల్నేక మా ఇంటిది జయమణి రెండ్రోజులు మూతి ముడుసుక్కూకుంది. ఈ గుంట వచ్చి సూదీ దారంతో కట్టీసింది. ఇది దానికే. ఇంకొకలికి ఇత్తానంటే సెప్పు, నాను మల్లా అట్టుకెల్లిపోతాను."

తర్వాత జరిగిన వాటన్నిటికీ నేను ఈ ఒక్క మాటనే సాక్ష్యంగా దాచుకున్నాను. ఇది దానికే.

కాగితం మీద ఉన్నదంతా జపాను రాత. అంకెలు మాత్రం మనకి తెలిసినవే వేశారు, పాపం. ప్రతి ముక్క పక్కనా ఒక అంకె, బొమ్మలో బాణం గుర్తు, బాణం చివర మళ్లీ అదే అంకె. ఇంకేం కావాలి? నేను వంటింటి వెనక వరండాలో, రోటి పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. పాత బ్లేడుతో ముక్క కోయడం, అగ్గిపెట్టె గరుకు పక్కన అంచు రుద్దడం, అగ్గిపుల్ల కొనతో క్విక్‌ఫిక్స్ రాయడం, ఊపిరి బిగబట్టి అతికించడం. ట్యూబు మూతి దగ్గర జిగురు పాకంలా తీగలు సాగేది. వేళ్లకి అంటుకుని ఎండిపోతే, అన్నం తినేటప్పుడు పొరలు పొరలుగా ఊడొచ్చేది.

"ఆ పప్పేటి, ఆ ప్లాస్టికేటి! కడుపులోకెల్లి లారీ పుడతాది నీకు," అనేది అమ్మ.

నాన్న పొద్దున్నే ఆటోనగర్ వెళ్లి వడ్రంగుల నెత్తిన కూర్చుని, మధ్యాన్నం భోజనానికి వచ్చేవాడు. అన్నం తిన్నాక పడుకోవడం మానేసి నా చాప మీదికి చేరేవాడు. మా నాన్నకి చదువు రాదు. ఆ కాగితం ముందు మాత్రం మేం ఇద్దరం సమానులం, ఇద్దరికీ జపాను రాదు.

"ఇదేటి, కమాన్ పట్టీలా? అబ్బ, ఎంత ముద్దుగా సేసినాడే నాయాలు!" వేలెడంత స్ప్రింగు ముక్కని వెలుతురుకి పట్టి చూసేవాడు. "ముందల ఇయి కట్టు. తరవాత ఇరుసు హౌసింగు. కేబిన్ మీద ఆశ కొద్దీ కింద తొందరపడకు. కింద వంకరయితే పైన ఎంత సోకు సేసినా పక్కకే లాగుతాది."

"మీ వడ్రంగి ఎక్కడి దాకా వచ్చినాడు?"

"పలకలు కోత్తన్నాడు."

"నాకు ముందు ఇరుసు అయిపోనాది."

"ఓలమ్మ! అయితే రేపు నువ్వే వచ్చీ షెడ్డుకి, ఆడికి బుద్ధొస్తాది."

అలా ఆ ఎండాకాలం రెండు లారీలు పక్కపక్కన పెరిగాయి. అక్కడ కేబిన్ లేచిన వారమే ఇక్కడా లేచింది. నా పెట్టెలో అద్దం ఒకటి విరిగి ఉంటే నాన్న సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చింపి ఇచ్చాడు. నీళ్లలో నానబెడితే జారి ఊడొచ్చే రంగు చారలు ఉంటే, వాటిని అమ్మ వెడల్పు పళ్లెంలో నానబెట్టి తలుపుల మీద అతికించాను. ఆ సాయంత్రం ఆ పళ్లెంలోనే ఉప్మా తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

లారీలకి నంబరు ఉంటుంది గానీ దాన్ని పోలీసులే చదువుతారు. క్వారీలో, కాటా దగ్గర, టీ కొట్టు దగ్గర, ఎక్కడైనా పిలిచేది నుదుటి మీది పేరుతోనే. ముందు అద్దం పైన పెద్ద అక్షరాలతో ఏం రాస్తే అదే దాని పేరు. దుర్గ వచ్చిందా, పైడితల్లి వెళ్లిపోయిందా అనుకుంటారు, ఇంటి ఆడపిల్లల్ని అడిగినట్టు.

"నాన్నా, మన లారీకి నుదుటి మీద ఏటి పేరు రాయిత్తావు?"

"ఇంకేటి పేరు? గౌరీశ్వరి. మల్లీ అడగాలా?"

మళ్లీ మళ్లీ అడిగాను. మళ్లీ మళ్లీ అదే చెప్పాడు. క్వారీలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు "గౌరీశ్వరి వచ్చింది, లోడు ఎత్తండిరా" అని కేక వెయ్యడం ఊహించుకుంటూ నేను అన్నం తినడం మర్చిపోయేదాన్ని. మహారాణులకి కూడా అంత పొగరు ఉండదు.

నా లారీ అయిపోయిన రోజున నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని షెడ్డుకి తీసుకెళ్లాడు. లారీని ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. షెడ్డులో పెయింటరు వరహాలు మా పెద్ద లారీ వెనక తలుపు మీద నెమలిని వేస్తున్నాడు. నా లారీని చేతిలోకి తీసుకోకుండా, వంగి, నాలుగు పక్కలా చూశాడు. మంచి పద్ధతి. తర్వాత చాలామందికి లేకపోయింది.

"పేరు రాయవా దీనికి?"

"రాత్తాను. రంగివ్వు."

మూతలో పసుపు రంగు పోసి, నాలుగు వెంట్రుకలున్న కుంచె చేతికిచ్చాడు. "నుదురు సూత్తే సిన్నది, నీ పేరు సూత్తే పెద్దది. తవిటయ్య బావకి పిల్లకెట్టడానికి సిన్న పేరు దొరకనేదేటి? సూసుకో మరి. అచ్చరం కిందకి జారి అద్దం మీదికి రాకూడదు. డ్రైవరుకి రోడ్డు కనపడాల. మా పెయింటర్లకి మొదటి రూలు అదే."

నాలిక పళ్ల మధ్య పెట్టుకుని రాశాను. గౌరీశ్వరి. ఒక్క గీత కూడా అద్దం మీదికి రాలేదు. నాన్న దాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని చూశాడు. చదవడం రాకపోయినా చాలాసేపు చదివాడు.

ఆ ఆదివారమే మావయ్య వచ్చాడు, జగ్గడినీ అమ్మమ్మనీ తీసుకుని. అమ్మమ్మ సూర్యకాంతమ్మ కొడుకు దగ్గరే ఉండేది. జగ్గడికి అప్పుడు పదిహేనో పదహారో. మీసం రావాలో వద్దో తేల్చుకోలేక పైపెదవి మీదే ఆగిపోయింది. వచ్చీ రాగానే రేడియో పక్కనున్న నా లారీని చూశాడు. వరహాలులా వంగి చూడలేదు. ఎత్తేశాడు.

"ఇది నాకు కావాలి."

"తీస్కోరా, మనిల్లే కదా," అన్నాడు మావయ్య, మజ్జిగ గ్లాసులోంచి.

"అది నాది," అన్నాను. "జోజి బాబాయి నాకిచ్చినాడు. నానే కట్టినాను."

అమ్మమ్మ పకపకా నవ్వింది. "నీదేటి, ఆడిదేటే పిచ్చిమొకమా! రేపు ఆడు నీ మెడలో పుస్తి కట్టీసినాక అన్నీ ఒకింటి సామానే కదా. ఇప్పుడే పట్టుకెల్లి ఎట్టుకుంటాడు. నువ్వొచ్చినప్పుడు నువ్వూ ఆడుకో."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. జగ్గడి చెవులు ఎర్రబడ్డాయి గానీ లారీని మాత్రం వదల్లేదు. నేను నాన్న వైపు చూశాను. నాన్న పులుసులో ముక్క వెతుకుతున్నాడు. మా ఇంట్లో పులుసులో ముక్కలు మరీ అన్ని ఉండవు, వెతకడానికి అంతసేపు పట్టకూడదు.

వెళ్లేటప్పుడు జగ్గడు దాన్ని తలకిందులుగా, చక్రాలు పట్టుకుని, సంతలో కోడిని పట్టుకెళ్లినట్టు పట్టుకెళ్లాడు.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఆగి అమ్మని పట్టుకున్నాను.

"ఈ పెళ్లెప్పుడు అనుకున్నారు?"

"ఇప్పుడేటి, నువ్వు పుట్టినప్పుడే. ఉయ్యాల్లో ఎయ్యగానే మీ మావ 'నా కోడలు' అనీసినాడు. లారీలో ఆడు అంత డబ్బెందుకెట్టినాడనుకున్నావు? రేపు అదంతా మీ ఇద్దరిదే కదా."

"నన్నడిగినారా?"

"ఉయ్యాల్లో ఉన్నదాన్ని ఏటడుగుతారే?"

"ఇప్పుడు దిగినాను కదా!"

అమ్మ నా నోటి వైపు చూసి, చేతిలో చీపురు ఉందో లేదో చూసుకుంది. లేదు. లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నాన్న వరండాలోకి వచ్చి, ఖాళీ చాప మీద కూర్చున్నాడు. "పోనీలే అమ్మా. బొమ్మే కదా. మన నిజం లారీ వచ్చేత్తంది. దాని నుదుటి మీద ఎవులి పేరుంటాది?" అన్నాడు, చిన్నపిల్లని ఊరుకోబెట్టే గొంతుతో.

నేను ఊరుకున్నాను. అదే నాకు ఇప్పటికీ మంట. ఒక లారీ పోతే ఇంకోటి ఉందిలే అనుకున్నాను. వాళ్ల లెక్కలో ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు.

సింహాచలం కొండ కింద పూజ పెట్టుకున్నారు. మేం ఆడవాళ్లం ముందే బస్సులో వెళ్లి కూర్చున్నాం. నాన్నా మావయ్యా జగ్గడూ కొత్త లారీలో వచ్చారు. ఎంత బాగుందో చెప్పలేను. ఆకుపచ్చ, ఎరుపు, తలుపుల మీద తామరపూలు, పక్క పలకల మీద పులి. ముందంతా బంతిపూల దండ. నుదురు కనిపించకుండా రెండు వరసలు కట్టారు. నేను పట్టు పరికిణీ కట్టుకుని, దాని ముందు నిలబడి, పంతులుగారు ఆ దండ ఎప్పుడు జరుపుతారా అని చూస్తున్నాను. నుదుటికి పసుపూ కుంకుమా పెట్టాలంటే జరపాల్సిందే కదా.

జరిపారు. జగ్గారావు.

పసుపు అక్షరాలు, ఎర్ర నీడ. నాలుగే అక్షరాలు కాబట్టి చాలా తీరిగ్గా, పెద్దగా రాశాడు వరహాలు. ఒక్క గీత కూడా అద్దం మీదికి రాలేదు.

"నాన్నా, నా పేరేదీ?"

నాన్న నిమ్మకాయలు ఏరుతున్నాడు. మావయ్య నా చెయ్యి పట్టుకుని లారీ పక్కకి తీసుకెళ్లాడు. "నీ పేరు మర్సిపోతావేటే కోడలా? ఇటు సూడు." డీజిలు ట్యాంకు మీద, రెండు చిలకల మధ్య, గౌరి అని ఉంది. ఈశ్వరి లేదు, అంత చోటు లేదు కాబోలు. మూత దగ్గర అప్పటికే డీజిలు ఒలికి, చిలక ముక్కు నల్లబడింది.

"ట్యాంకు లేకపోతే లారీ నడుస్తదేటి? అసలు నీదే ముక్కెమైన సోటు," అని నవ్వాడు మావయ్య. "అయినా ఆడి పేరయితేనేటి, నీ పేరయితేనేటి? రేపు ఇద్దరూ ఒకటే కదా."

అమ్మమ్మ అందుకుంది. "ఊరు పిలిసే బండికి మొగోడి పేరుండాల."

నాకు ఏడుపు రాలేదు. చెవుల్లో బాడీషెడ్డు సుత్తులు మోగాయి. లారీ ముందుకి వచ్చి నిలబడ్డాను. పంతులుగారు హారతి వెలిగిస్తున్నారు. చుట్టూ పూలమ్మేవాళ్లూ, వేరే బండ్లవాళ్లూ, వాళ్ల పిల్లలూ.

"జగ్గడ్ని నాను సేసుకోను," అన్నాను.

గట్టిగా అరవలేదు. కానీ ఆ క్షణానే గంట కొట్టడం ఆపారు, అందుకని అందరికీ వినిపించింది. అమ్మమ్మ వచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది. పట్టు పరికిణీ మీద దెబ్బకి చప్పుడు ఎక్కువ. జగ్గడు పులి బొమ్మ వైపు తిరిగి నిలబడ్డాడు.

పంతులుగారు పాపం, హారతి పళ్లెం పట్టుకుని అటూ ఇటూ చూశారు. "నిమ్మకాయలు పెట్టమంటారా, ఆగమంటారా?"

"ఎట్టండి బాబూ, గుంట మాటకేటి," అన్నాడు మావయ్య. నవ్వు మొహం నవ్వుతూనే ఉంది గానీ, తీపి కొంచెం తగ్గింది.

నాన్న కేబిన్ ఎక్కాడు. ఇంజను వేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. ముందుకి పోయి, ఆగి, వెనక్కి వచ్చాడు. అంత పెద్ద అద్దంలోంచి నేను కనిపించకుండా ఉండను. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

మనుషుల మీద కోపం మూడు పూటల్లో చల్లారుతుందనేది అమ్మ. నాకు వానలు పడేదాకా చల్లారలేదు. నాన్న కొత్త లారీ మీద కంకర తోలుతున్నాడు. ఇంటికొస్తే నేను కంచం పెట్టి, నీళ్లు పెట్టి, మాట మాత్రం పెట్టేదాన్ని కాదు. సందులో పిల్లలు "జగ్గారావు వచ్చినాడు, జగ్గారావు వచ్చినాడు" అని లారీ వెంట పరిగెత్తేవాళ్లు. వాళ్ల మీద చెప్పు విసిరాను. రెండోది కూడా.

తొలకరి పడ్డ వారంలో మావయ్యా అమ్మమ్మా మళ్లీ వచ్చారు. కొండ కింద నేనన్న మాట అనకాపల్లి దాకా పాకిందట. బెల్లం మార్కెట్లో ఎవరో నవ్వారట. మా వరండాలో బెంచీ వేసి కూర్చుని, నన్ను ఎదురుగా నిలబెట్టారు. నాన్న గడపలో కూర్చున్నాడు. అమ్మ తలుపు వెనక ఉంది.

"అడగనేదు, అడగనేదు అంటందట కదా," అంది అమ్మమ్మ. "ఇప్పుడడుగుతన్నాం. పెద్దోలం, నీ ఇంటికొచ్చి అడుగుతన్నాం. జగ్గడ్ని సేసుకుంటావా నేదా? సేసుకుంటానని మీ మావ కాళ్లకి దండమెట్టీ. అయిపోద్ది."

పుట్టిన తర్వాత నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. మంచి ప్రశ్న. జవాబు కూడా వాళ్లే చెప్పేసి మరీ అడిగారు.

"సేసుకోను."

వాన చూరు నుంచి ధారలు కట్టి పడుతోంది. మావయ్య నన్ను వదిలేసి నాన్న వైపు తిరిగాడు. నవ్వు పూర్తిగా పోయింది. నవ్వు లేని ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. బాగా అలిసిపోయిన మొహం. "నువ్వు సెప్పు బావా. నీ మాట సాలు నాకు. ఇది గుంట, దీనికేటి తెలుసు. నువ్వు ఊఁ అను, ఎప్పట్లాగే ఉందాం."

నాన్న బీడీ చేతిలో పట్టుకుని, వెలిగించకుండా, వాకిట్లో నిలబెట్టిన లారీ వైపు చూశాడు. తడిసి నిగనిగలాడుతోంది. చెక్కపెట్టె మీద కూర్చుని ఒళ్లు కాల్చుకుని తెచ్చుకున్న లారీ.

"మీరే అడిగినారు బావా," అన్నాడు. "అది సెప్పింది. ఇంకేటుంది?"

అంతే అన్నాడు. బీడీని మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

మర్నాడు మావయ్య పంపిన వేరే డ్రైవరు వచ్చి లారీని తోలుకుపోయాడు. మలుపులో గేరు బరబరమనిపించాడు. నాన్న పళ్లు బిగబట్టడం నేను చూశాను. డీజిలు ట్యాంకు మీద నా పేరూ దానితోపాటే పోయింది. కట్టినంతకాలం వడ్రంగులూ టింకర్లూ కడుతున్నారనుకున్నాను గానీ, ఆ లారీ టేకు పలకల మీద నిలబడి లేదు, నా పెళ్లి మీద నిలబడి ఉంది. పదమూడేళ్ల పిల్ల కాలు పక్కకి జరిపితే కూలే బండిని కట్టినవాళ్లది తప్పు కాదట, జరిపినదానిది తప్పట. ఇది నేను ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ, ప్రతి పేరంటంలోనూ విన్నాను. "ఇదేనా నోటితో లారీ పోగొట్టిన పిల్ల?" అని గడ్డం పట్టుకుని మరీ చూసేవారు. జగ్గడిని కూడా మొదట ఎవరూ అడగలేదు, ఆ మాట నిజమే. కానీ వాడికి అడక్కుండా ఇచ్చారు, నా దగ్గర అడక్కుండా తీసుకున్నారు. ఈ రెండూ ఒకటే అన్నవాళ్లకి నేను ఇప్పటికీ కాఫీ ఇవ్వను.

అమ్మ మాత్రం ఒక్క మాటే అంది. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా. "నా పుట్టింటి తలుపు మూసీసినావే."

ఆ తలుపు మూసింది నేనేనా అని అడుగుదామనుకున్నాను. ఆవిడ చేతిలో రాళ్లు చాలానే ఉన్నాయి, ఏరినవి. ఊరుకున్నాను.

నాన్న మళ్లీ ఎవరి లారీయో తోలడానికి ఒప్పుకున్నాడు. పనిలో చేరేముందు, తన దగ్గర మిగిలిన జాకీ, పానాల సంచి ఇచ్చేసి వస్తానని అనకాపల్లి వెళ్లాడు. సాయంత్రం వానలో తడుస్తూ తిరిగొచ్చాడు. తువ్వాలు మాత్రం తలకి లేదు, చంకలో ఏదో చుట్టి ఉంది. వరండాలో, రోటి పక్కన, దాన్ని విప్పాడు.

నా లారీ.

వెనక చక్రం ఒకటి లేదు. వెండి కాగితం అద్దం పోయింది. పొగగొట్టం ఒకటి సగానికి విరిగింది. నుదుటి మీద నా పేరుని బ్లేడుతో గీకేసి, నీలం పెన్నుతో జగ్గు అని రాసుకున్నాడు.

"ఎలాగిచ్చినాడు?" అన్నాను. కొండ కింద పూజ అయ్యాక నాన్నతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"నాకింకేటీ వద్దు, ఆ బొమ్మ ఇచ్చీ అన్నాను. మీ మావ గుమ్మంలోకి రానేదు. జగ్గడే తెచ్చి సేతిలో ఎట్టినాడు." నాన్న తల తుడుచుకున్నాడు. "ఆడు కూడా నిన్ను సేసుకోనన్నాడట. వాళ్లమ్మ అడిగితే. నీ నోరంటే ఆడికి బయమట."

అంటే వాణ్ణి అడిగారన్నమాట! విరిగిన లారీ చేతిలో పట్టుకుని కూడా నాకు అదే తోచింది.

నాన్న జేబులోంచి ఒక అగ్గిపెట్టె తీశాడు. లోపల అగ్గిపుల్లలు లేవు. ఒక చిన్న సీసామూతలో పసుపు రంగు, మీద కాగితం కట్టి ఉంది. పక్కన నాలుగు వెంట్రుకల కుంచె. దారిలో ఆటోనగర్లో దిగి వరహాలుని అడిగి తెచ్చాడట.

"నాకు రాయడం రాదు," అన్నాడు. "నువ్వే రాసుకో."

"కొండ కింద నోటికేటయింది నీకు? అప్పుడేల మాటాడ్నేదు?"

నాన్న చాప పరిచాడు. అగ్గిపెట్టె గరుకుతో నీలం సిరా రుద్ది, నుదురు శుభ్రం చేసి, లారీని నా ముందు పెట్టి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను కుంచె ముంచాను. ఈసారి నాలిక బయట పెట్టలేదు, ఊపిరి బిగబట్టలేదు. ఎంత పెద్దగా రాయాలనిపిస్తే అంత పెద్దగా రాశాను. నుదురు చాలలేదు. గౌ కప్పు మీదికి ఎక్కింది. రీ తలుపు దాకా పోయింది. మిగతాది ముందు అద్దం మీదికి దిగి, దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా మూసేసింది. రంగు నాన్న వేళ్ల మీదికి కూడా కారింది. ఆయన చేతులు తియ్యలేదు.

కుంచె కింద పెట్టాక, వంగి, నాలుగు పక్కలా చూశాడు.

"అచ్చరాలు అద్దం మీదికొచ్చీసినాయే అమ్మా," అన్నాడు మెల్లగా. "డ్రైవరుకి రోడ్డు కనపడదు."

"అడిగి తోలమను," అన్నాను.